మూడు పొరల మూతిగుడ్డ

టీబీ అని తేలిన రోజు పద్మశ్రీ ఏడవలేదు. ఉప్పల్ దవాఖానా నుంచి ఇంటికి రాగానే కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పేసింది. కుట్టడానికి ఇచ్చిన జాకెట్లన్నీ ఎవరివి వాళ్లకు తిరిగి పంపించింది. చేతికి దెబ్బ తగిలిందని, ఇప్పట్లో కుట్టలేనని భర్త కనకరాజుతో చెప్పించింది.

అది రెండువేల ఏడు, ఆగస్టు నెల. నాచారంలో హెచ్ఎంటీ నగర్ వెనక సందులో, కౌసల్యమ్మ గారి మేడ కింద రెండు గదుల్లో వాళ్లు అద్దెకుండేవారు. కనకరాజు మల్లాపూర్ రోడ్డులో మోటార్ వైండింగ్ షాపులో పనిచేసేవాడు. అతని తల్లి లక్ష్మీనర్సమ్మ అగరుబత్తీల కంపెనీలో ప్యాకింగుకు వెళ్లేది. పద్మశ్రీ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. వాళ్లకు పది నెలల పాప, దీప.

దవాఖానాలో డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. ఆరు నెలలు మందు వాడాలి. వారానికి మూడు రోజులు సెంటరుకు వచ్చి అక్కడే మింగాలి. పాపకు పాలు మాన్పించొద్దు. పాపకు కూడా ముందుజాగ్రత్తగా గోలీలు ఇస్తాం. కానీ తెమడలో క్రిములు పోయేదాకా, అంటే దాదాపు రెండు నెలలు, పాప దగ్గర ఉన్నంతసేపు ముక్కూ నోరూ మూసి ఉంచాలి.

గోలీలు మింగించే సూర్యకళ ఇంకొంచెం విడమరిచి చెప్పింది. ఆమె ఆ సెంటరులో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి.

"కర్చీఫు కట్టుకుంటే జారుతనే ఉంటదమ్మా. మెడికల్ షాపుల దొరికే కాగితం మాస్కు ఒక్క దినంకే ఖరాబైతది. నీకు మిషను వస్తదంటున్నవ్ గదా, కాటన్ గుడ్డ మూడు పొరలేసి నాలుగు కుట్టుకో. పొద్దుగాల కట్టింది తడిస్తే తీసెయ్యి. ఉడుకునీళ్లల్ల మరగబెట్టు, ఎండల ఆరెయ్యి. మళ్ల కట్టుకో. గంతే."

పద్మశ్రీ తలూపింది కానీ కుట్టలేదు. మిషను ముట్టుకోవాలంటేనే ఆమెకు భయంగా ఉంది. తన ఊపిరి తగిలిన గుడ్డ పట్టుకుని ఏ ఇంటి పిల్లకో జబ్బు వెళ్తుందేమోనని ఒక బాధ. మాస్కు కట్టుకుంటే సందులో అందరికీ తెలిసిపోతుందని ఇంకో బాధ. కనకరాజు కర్చీఫు ముక్కు మీదుగా కట్టుకుని పాపకు పాలిచ్చేది. దగ్గు వస్తే ముడి జారేది. అది జారగానే పాపను ఒళ్లోంచి లాగేసి చాప మీద పడేసినంత పని చేసి గోడవైపు తిరిగేది. పాప గుక్కపెట్టి ఏడ్చేది.

నాలుగో రోజుకు పాలు పిండి గిన్నెలో పోసి చెంచాతో పట్టమని అత్తకు ఇచ్చింది. ఐదో రోజు తన చాప వంటగదిలోకి మార్చుకుంది. ఆరో రోజు శనివారం. సంచిలో రెండు చీరలు, దువ్వెన, మందుల చీటీ పెట్టుకుని కూర్చుంది.

కంపెనీ నుంచి వచ్చిన లక్ష్మీనర్సమ్మ సంచిని చూసింది.

"యాడికి?"

"కీసరకు, అత్తమ్మా. మా అన్న పొలం కాడ బాయి దగ్గర మోటరు రూము ఉన్నది. ఒక్కదాన్నే ఉంట. మందుకు ఆడికెల్లి బస్సుల వచ్చి పోత. పాప నీ దగ్గరుంటది."

లక్ష్మీనర్సమ్మ మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఉప్పు ఎక్కువైతే కంచం నెట్టేసే మనిషి. పెళ్లయిన మూడేళ్లలో పద్మశ్రీ ఆమెతో పనికి మించి మాట్లాడింది తక్కువ. ఇప్పుడు 'పో, పోతే పీడా పాయె' అంటుందనే అనుకుంది. నిజానికి ఆ మాట విని లేచిపోవడానికే సిద్ధమై కూర్చుంది.

లక్ష్మీనర్సమ్మ చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి గడపలో కూర్చుంది.

"నీ మామకు గూడ గిదే రోగం," అంది.

పద్మశ్రీ తలెత్తింది. మామ జ్వరంతో పోయాడని మాత్రమే ఆమెకు తెలుసు.

"కనకరాజు అప్పటికి రెండేండ్ల పోరడు. మా అత్త, ఊరోళ్లు అందరు గల్సి ఆయనను చెలక కాడ గుడిసెల వెట్టిన్రు. నేను దినాం గంజి తీస్కవోయి, దూరంగ గిన్నె వెట్టి, కట్టెతోని ముందల్కి జరిపేదాన్ని. 'లచ్చీ, జర దగ్గర కూసోరాదే' అనేటోడు. నేను కొంగు మూతికి అడ్డం వెట్టుకొని ఉరికొచ్చేదాన్ని. ఏడు నెలలున్నడు గట్ల. దగ్గరికి పోతే ఏమయితుండెనో నాకు తెల్వదు. పోలే. ఆయన మొకం ఎట్లుంటుండెనో ఇప్పుడు యాదికి తెచ్చుకుందమంటే రాదు బిడ్డా. గా కట్టె మాత్రం కండ్ల ముంగట్నే ఉంటది."

వంటగదిలో పంపు చుక్కలు చుక్కలుగా కారుతోంది. లక్ష్మీనర్సమ్మ లేచి దాన్ని గట్టిగా తిప్పి కట్టేసింది.

"అప్పుడు మందు లేకుండె మా ఊర్ల. ఇప్పుడు మందున్నది. మూతికి గుడ్డ కట్టుకుంటే సాలని సర్కారోళ్లే చెప్తున్నరు. ఇంకేంది నీకు? సంచి తీసి ఆడ వెట్టు."

మర్నాడు ఆదివారం. కనకరాజు పాపను ఎత్తుకుని కూరగాయలకు వెళ్లాడు. లక్ష్మీనర్సమ్మ తన ట్రంకు పెట్టెలోంచి ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ఒకటి తీసింది. దాని కొంగు చింపి, నాలుగు మడతలు వేసి, సూది దారం పట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఆమెకు మిషను రాదు. చేతికుట్టులో వచ్చింది కూడా బొంత కుట్టు ఒక్కటే. దబ్బనం లాంటి సూదితో, ఇంత పొడుగు కుట్లతో, రెండు గంటలు కష్టపడింది. మూలల్లో నాలుగు పేలికలు కుట్టి పద్మశ్రీ చేతిలో పెట్టింది.

"కట్టుకో."

పద్మశ్రీ కట్టుకుంది. అది కళ్ల దాకా వచ్చింది. ముక్కు దగ్గర ఇంత సందు ఉండి, నోటి దగ్గర మాత్రం ఊపిరాడనంత మందంగా ఉంది. ఒక పక్క దవడ దిగింది, ఇంకో పక్క చెవి మీదికెక్కింది. అత్త ముఖంలోకి చూసింది. లక్ష్మీనర్సమ్మ, పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడ్డ పిల్లలా చూస్తోంది.

"అత్తమ్మా, గిది మాస్కా, బొంతనా?"

"ఏం, మంచిగ లేదా?"

"చిన్నపిల్లను పండవెట్టొచ్చు దీని మీద."

అంటూనే నవ్వొచ్చింది పద్మశ్రీకి. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక మాస్కు విప్పి చేతిలో పట్టుకుని, వంకరగా పోయిన ఆ కుట్లను వేలితో తడిమింది. ఇన్నేళ్లు దర్జీ పని చేసిన చేయి. వంకర కుట్టు చూస్తూ ఊరుకోలేకపోయింది. బ్లేడు తెచ్చి ఒక్కొక్క కుట్టూ విప్పడం మొదలుపెట్టింది. అంతా విప్పేశాక, ఎవరూ చెప్పకుండానే లేచి మిషను మీది దుప్పటి తీసేసింది.

"గా డబ్బాల లైనింగు గుడ్డలున్నయి, తియ్యి అత్తమ్మా. తెల్లగున్నది వొద్దు. గోధుమరంగుది."

జాకెట్ల లోపల వేసే లైనింగు ముక్కలవి. తడిపి ఆరేసినవే, మళ్లీ కుంచించుకుపోవు. తొమ్మిది అంగుళాల పొడుగు, ఏడు అంగుళాల వెడల్పు చొప్పున రెండు ముక్కలు కోసింది. వాటికి ముఖం వైపున అత్త చీర ముక్క ఒకటి, మెత్తగా తగిలేట్టు. మూడు పొరలూ కలిపి చుట్టూ కుట్టి, ఒక చోట రెండు వేళ్ల సందు వదిలి, అందులోంచి గుడ్డను లోపలిది బయటికి తిప్పింది. మూలలు కత్తెర మొనతో పొడిచి నిలబెట్టింది. తర్వాత చీర కుచ్చిళ్లలా మూడు మడతలు, అన్నీ కిందికి చూసేట్టు.

"కిందికెందుకు?" అంది లక్ష్మీనర్సమ్మ, మిషను పక్కనే గొంతుక్కూర్చుని.

"మీదికుంటే దుమ్ము నిలుస్తది. ఇగో, ఇప్పుడు గుంజు. నోరు తెరిస్తే మడత తెరుచుకుంటది, గుడ్డ జారది. సూసినవా?"

లక్ష్మీనర్సమ్మ గుంజి చూసింది. మళ్లీ వదిలి, మళ్లీ గుంజింది.

మూడేళ్లలో తన పని గురించి అత్త ఇన్ని ప్రశ్నలు అడగడం పద్మశ్రీకి ఇదే మొదటిసారి. చెబుతుంటే మాటలు వస్తూనే ఉన్నాయి. కనకరాజు కూరల సంచితో వచ్చేసరికి అత్తా కోడళ్లు ముక్కు దగ్గరి సందు ఎలా మూయాలా అని వాదించుకుంటున్నారు. అతను కాసేపు విని, పాపను లక్ష్మీనర్సమ్మ చేతికిచ్చి, సైకిలెక్కి షాపుకు పోయాడు. అరగంటలో తిరిగొచ్చాడు. జేబులోంచి రెండు చుట్టలు తీశాడు. ఒకటి మోటారుకు చుట్టే రాగితీగ. ఇంకొకటి, చుట్టిన తీగలు విడిపోకుండా కట్టే నూలు టేపు.

"తీగను రెండు మడతలేసి మీది అంచుల పెట్టి కుట్టు. ముక్కు మీద నొక్కితే నొక్కినట్టే ఉంటది. నాడాలకు గీ టేపు పెట్టు. మోటరు ఎంత వేడైనా తెగది, ఉడుకునీళ్లు దీన్కేం లెక్క?"

సాయంత్రానికి నాలుగు మాస్కులయ్యాయి. పద్మశ్రీ మొదట పాత కర్చీఫు కట్టుకుని, చేతి అద్దం ముఖానికి దగ్గరగా పెట్టుకుని దగ్గింది. అద్దం మీద సన్నటి చుక్కలు పడ్డాయి. అద్దం కడిగి తుడిచి, కొత్త మాస్కు కట్టుకుని మళ్లీ దగ్గింది. వెలుతురుకు పెట్టి చూసింది. అద్దం శుభ్రంగా ఉంది. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇగ పాపను తే అత్తమ్మా," అంది.

కానీ దీప రాలేదు. సగం ముఖం లేని తల్లిని చూసి బెదిరిపోయి, నానమ్మ మెడ పట్టుకుని వేలాడింది. బలవంతాన ఒళ్లో వేస్తే గోధుమరంగు గుడ్డను పీకబోయింది. చేయి పట్టుకుంటే ఏడుపు. రొమ్ము అందిస్తే తల తిప్పేసుకుంది. పద్మశ్రీ కళ్లలో నీళ్లు తిరిగి మాస్కు పై అంచు తడిసింది.

"పిల్లకేం తెలుస్తది," అని లక్ష్మీనర్సమ్మ రెండో మాస్కు తీసి తాను కట్టుకుంది. మూడోది కొడుకు మీదికి విసిరింది. "నువ్వు గూడ కట్టుకో. అందరం ఒక్క తీరుగుంటే దానికి భయమేంది?"

ముగ్గురూ మాస్కులు కట్టుకుని చాప మీద పాప చుట్టూ కూర్చున్నారు. దీప ఒక్కొక్కరినీ పరిశీలించింది. నానమ్మ కళ్లు, నాన్న కళ్లు. కనకరాజు కనుబొమలు ఎగరేశాడు. పాప నవ్వాలా వద్దా అన్నట్టు ఆగింది. అప్పుడు పద్మశ్రీ రోజూ పాలిచ్చేటప్పుడు తీసే 'ఊఁ... ఊఁ...' అనే చిన్న కూనిరాగం గుడ్డ వెనక నుంచి మొదలుపెట్టింది. పాప ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. పాక్కుంటూ వెళ్లి తల్లి మోకాలు పట్టుకుని లేచి నిలబడింది.

ఆ వారం రోజులూ ఇంట్లో ముగ్గురూ మాస్కులతోనే తిరిగారు. కనకరాజు ఒకరోజు విప్పడం మర్చిపోయి అలాగే షాపుకు వెళ్లి, "ఏం రాజన్నా, ఆపరేషనా?" అనిపించుకుని వచ్చాడు. దీప అయితే ఏ గుడ్డముక్క దొరికినా మూతికి అడ్డం పెట్టుకుని అందరి వంకా చూసేది.

వాటిని ఉడకబెట్టే పని లక్ష్మీనర్సమ్మది. పొద్దున్నే పాత సత్తుగిన్నెలో మరగబెట్టి, లంగాల కింద దాచి తీగ మీద ఆరేసేది. పదోరోజున గాలికి లంగా ఎగిరింది. మేడ మీంచి దిగుతున్న కౌసల్యమ్మ ఆగిపోయింది. ఆమె భర్త రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. మంచావిడే కానీ శుభ్రం ఎక్కువ. ఆమె జాకెట్టు కూడా తిరిగి పంపినవాటిలో ఉంది.

"చేతికి దెబ్బన్నారు కదమ్మా. మరి ఈ మాస్కులేమిటి?"

అబద్ధం చెప్పడానికి పద్మశ్రీ మాటలు వెతుక్కుంటుండగానే లక్ష్మీనర్సమ్మ అడ్డం వచ్చింది.

"మా కోడలికి టీబీ వచ్చిందమ్మా. మందు మింగుతున్నది. మూతికి గుడ్డ లేకుండ మీ ఎదురుంగ రాలేదు, రాదు. ఖాళీ జెయ్యమంటే చేస్తం. గానీ నా కోడలిని ఒక్కమాట అనొద్దు."

కౌసల్యమ్మ ముఖం మారిపోయింది. గబగబా మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఆ రోజంతా కింద ఎవరికీ అన్నం సయించలేదు. కనకరాజు సాయంత్రం భవానీనగర్ వైపు వెళ్లి టు-లెట్ బోర్డులు చూసి వచ్చాడు.

రెండో రోజు ఉదయం కౌసల్యమ్మ మెట్ల మీద సగం దూరంలో నిలబడి పిలిచింది.

"పద్మా, నేను మావారితో చెప్పి మా డాక్టరుగారిని అడిగించానమ్మా. మందు మొదలెట్టాక పెద్ద భయం లేదన్నారు. అయినా నాకు భయం పోవట్లేదు, ఉన్నమాట చెబుతున్నాను. మనవరాలిని కొన్నాళ్లు కిందికి పంపను. నువ్వేం అనుకోకు." ఒకసారి మేడ వైపు చూసింది. "కింద నీకు ఎండ ఎక్కడుంది? మేడ మీద ఆరేసుకోండి. తాళం వేయనులే."

పద్మశ్రీ మాస్కు వెనక నుంచే, "సరేనమ్మా," అంది. బాధగానే ఉంది. మాటల్లో దాపరికం లేనందుకు తేలిగ్గానూ ఉంది. ఆ రోజు నుంచి మాస్కులు మేడ మీద, నాచారం చెరువు గాలికి, నేరుగా ఎండలో ఆరాయి.

సెంటరులో సూర్యకళ ఆ మాస్కును చేతిలోకి తీసుకుని కుట్టు కుట్టూ చూసింది. పద్మశ్రీ వెంట తెచ్చుకున్న, ఉతికిన మాస్కు అది. రాగితీగను వేలితో వంచింది.

"గిది ఎవరు చెప్పిన్రు నీకు?"

"మా ఆయన. నాడా కూడ మోటర్ల టేపే, మేడమ్."

"ఈడికి వచ్చేటోళ్లల్ల సగంమంది కొంగు, తువ్వాల అడ్డం వెట్టుకొనొస్తరు. గుడ్డ నేను తెస్త. ఒక ఇరువై కుడతవా?"

పద్మశ్రీ వెనకడుగు వేసింది. "నేను కుట్టినవి ఎవలు కట్టుకుంటరు మేడమ్? నాకే ఉన్నది గదా."

"పిచ్చిదానా, ఈ రోగం దగ్గుతోని గాలిల పోతది. గుడ్డ మీద పోదు. కుట్టినంక మరగబెట్టి తే. ఇంకేం ఫికర్?"

ఆ మాట ఆమె మనసులోంచి ఒక పెద్ద బరువు దించింది. తాను కుట్టిన జాకెట్లు తొడుక్కున్న ఆడవాళ్లందరి ముఖాలూ రోజూ కళ్ల ముందు తిరుగుతుండేవి. అవి ఆ క్షణాన మాయమయ్యాయి. ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. ఆ ఆదివారమే ఇద్దరూ కూర్చున్నారు. కోయడం, కుట్టడం పద్మశ్రీ. తిప్పి మూలలు పొడవడం లక్ష్మీనర్సమ్మ. తీగలు కొలిచి తుంచడం కనకరాజు.

సెంటరులో వాటికి వంకలు పెట్టినవాళ్లూ ఉన్నారు. రామంతాపూర్ నుంచి వచ్చే ఆటో ఆయన ఒకడు, "గిది దవాఖానా లెక్క కొడుతున్నదక్కా, నల్లది కుట్టు, దుమ్ముకు కట్టుకున్ననని జెప్త," అన్నాడు. నల్లవి కుట్టింది. ఒక ముసలామె పూల గుడ్డ అడిగింది. దానికోసం జాకెట్ ముక్కల డబ్బా అంతా వెతికి చిన్న చిన్న తెల్లపూల నీలిగుడ్డ పట్టుకెళ్లింది. ఆమె అది కట్టుకుని బల్ల మీద కూర్చుని, గోలీల కోసం పిలిచినా వినకుండా పక్కామెకు ముక్కు మీద తీగ ఎలా నొక్కాలో చూపించింది.

రెండు నెలలయ్యాక మళ్లీ తెమడ పరీక్ష చేశారు. క్రిములు లేవు. ఇక మాస్కు అక్కర్లేదని, మందు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు చెప్పాడు. పద్మశ్రీ ఇంటికొచ్చి మాస్కు విప్పింది. బుగ్గల మీద నాడాల గీతలు తెల్లగా పడి ఉన్నాయి. దీపను ఎత్తుకుని మెడలో ముఖం దాచుకుంది. పాప కితకితలకు కాళ్లు కొట్టుకుంది. లక్ష్మీనర్సమ్మ వంటగదిలోంచి చూసి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

దీపావళి తర్వాత జాకెట్లు మెల్లగా మళ్లీ రావడం మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు మాత్రం ఇక రాలేదు. ఎదురుపడితే పలకరించి పోయేవారు. కౌసల్యమ్మ సంక్రాంతికి ముందే రెండు జాకెట్లు పంపింది, మనవరాలి చేత.

ఫిబ్రవరి చివర్లో ఆఖరి గోలీ మింగింది పద్మశ్రీ. సూర్యకళ ఖాళీ అయిన మందుల డబ్బా మీది ఆమె పేరు కొట్టేస్తూ, "ఇగ ఈడ నీ మొకం కనవడొద్దు," అంది. అని, కుర్చీలోంచి లేచి గేటు దాకా వచ్చింది.

శివరాత్రి దాటాక, జనం పల్చబడ్డ ఒక సోమవారం, దీపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కీసరగుట్టకు పోయారు. కనకరాజు పాపను భుజాల మీద ఎక్కించుకుని ముందు వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లు వెనక మెట్లెక్కుతున్నారు. సగం దూరం వచ్చేసరికి లక్ష్మీనర్సమ్మకు ఆయాసం వచ్చింది. ఒక మెట్టు మీద కూలబడింది.

"నువ్వు పో బిడ్డా. పిల్ల ఏడుస్తదేమో. నేను మెల్లగొస్త."

పద్మశ్రీ పైకి చూసింది. మెట్ల మలుపులో దీప కాళ్లు తండ్రి ఛాతీ మీద ఊగుతూ కనిపిస్తున్నాయి.

"వాళ్ల నాన్న ఉన్నడు గదా," అంది. కొబ్బరికాయల సంచి పక్కన పెట్టి, అత్త ఆనుకోవడానికి వీలుగా ఆమెకు దగ్గరగా జరిగి అదే మెట్టు మీద కూర్చుంది. "ఏం తొందర లేదు. దమ్ము తీస్కో అత్తమ్మా."

లక్ష్మీనర్సమ్మ ఆమె భుజం మీద బరువు వేసి కళ్లు మూసుకుంది. కింద మామిడితోటల మీద ఎండ ఇంకా లేతగానే ఉంది.